పిల్లలు చెబితేనే తెలిసేది

తల్లిదండ్రులు ఓ కన్నేసి ఉంచిన పిల్లలు చెడుదారి పట్టరన్నది మనస్తత్వ శాస్త్రంలో చాలా ఏళ్లపాటు తిరుగులేని మాటగా చలామణీ అయింది. దాన్ని బలపరిచే పరిశోధనలకూ కొదవ లేదు. మీ అబ్బాయి సాయంత్రం ఎక్కడ తిరుగుతాడో తెలుసా, చేతిఖర్చు డబ్బులు ఏం చేస్తాడో తెలుసా, వాడి స్నేహితులెవరో తెలుసా అని తల్లిదండ్రుల్ని అడిగేవారు. తెలుసన్నవాళ్ల పిల్లల్లో తాగుడు, చిల్లర దొంగతనాలు, బడి ఎగ్గొట్టడం తక్కువగా ఉండేవి. కనక నిఘా మంచిదని తేల్చేవారు.

స్వీడన్‌లోని ఒరెబ్రో విశ్వవిద్యాలయంలో పనిచేసిన హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ ఆ ప్రశ్నపత్రాలను మళ్లీ తీసి చదివారు. అందులో నిఘా మాటే లేదు. ఉన్నవన్నీ 'మీకు తెలుసా' అన్న ప్రశ్నలే. ఎలా తెలిసిందని ఎవరూ అడగలేదు. తల్లికి తెలిసిందంటే ఆమె కనిపెట్టి ఉండటం వల్లే తెలిసి ఉంటుందని అందరూ అనేసుకున్నారు. ఏ ఇంట్లో చూసినా సంగతులు బయటపడేది అలాగేనా? అన్నం తింటూ పిల్లాడే చెప్పేస్తే?

ఈ అనుమానంతో వాళ్లిద్దరూ మధ్య స్వీడన్‌లో 703 మంది పద్నాలుగేళ్ల పిల్లలనూ, వాళ్ల తల్లిదండ్రులనూ ప్రశ్నించి 2000లో ఫలితాలు ప్రచురించారు. ఈసారి సంగతులు తెలిసే దారులను విడదీసి అడిగారు. పిల్లలు తమంతట తాము చెప్పడం ఒకటి. తల్లిదండ్రులు పిల్లల్నీ వాళ్ల స్నేహితుల్నీ అడిగి ఆరా తీయడం ఇంకొకటి. ఎక్కడికెళ్లాలన్నా ముందు అనుమతి తీసుకోవాలి, వచ్చాక లెక్క చెప్పాలి అనే కట్టడి మూడోది. తల్లిదండ్రులకు తెలిసినదాంట్లో సింహభాగం మొదటి దారినే వచ్చింది. ఆరా వల్లా కట్టడి వల్లా తెలిసింది కొద్దిపాటిదే. పిల్లల మంచి నడవడికతో గట్టిగా ముడిపడి ఉన్నదీ ఆ చెప్పుకునే అలవాటే. కట్టడిలో ఊపిరాడనట్టుందని అనుకున్న పిల్లల పరిస్థితి మాత్రం అంత బాగాలేదు. పదేళ్ల తర్వాత, కుటుంబాల్ని కొంతకాలం వెంబడించి రాసిన మరో వ్యాసంలోనూ ఇదే తేలింది.

ఈ అధ్యాయం ఫోన్ల గురించి. అయినా స్వీడన్‌తో మొదలుపెట్టడానికి కారణం ఉంది. పిల్లల ఫోన్‌లో నిఘా యాప్ పెట్టాలా వద్దా అని ఇవాళ మన ఇళ్లలో జరిగే వాదన ఆ పాత ప్రశ్నపత్రాల పొరపాటునే మళ్లీ చేస్తోంది. చూస్తే తెలుస్తుంది, తెలిస్తే కాపాడుకుంటాం అన్న లెక్క అది. ఈ లెక్కలో పిల్ల ఎక్కడా లేదు. తనను చూస్తున్నారని తెలిసినప్పుడు ఆ పిల్ల ఏం చేస్తుందన్న ప్రశ్నా లేదు.

ఆ ప్రశ్నకు నెదర్లాండ్స్‌లో జవాబు దొరికింది. స్కైలర్ హాక్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు డచ్చి కుటుంబాల్ని కొన్నేళ్లపాటు వరుసగా ప్రశ్నించి 2013లో ఒక వ్యాసం వెలువరించారు. అమ్మానాన్నలు నా వస్తువులు తడుముతున్నారు, నా మాటలు చాటుగా వింటున్నారు అని ఒక ఏడాది చెప్పిన పిల్లలు మరుసటి ఏడాదికి ఎక్కువ విషయాలు దాచడం మొదలుపెట్టారు. దాచడం పెరిగిన కొద్దీ తల్లిదండ్రులకు తెలిసేది తగ్గింది. ఎక్కువ తెలుసుకుందామని తొంగిచూసినవాళ్లకు చివరికి దక్కింది తక్కువ.

ఇక్కడ కాస్త ఆగాలి. ఇవి సగటు లెక్కలు. ఒకే పద్ధతి ఒక ఇంట్లో పిల్లల్ని దగ్గర చేస్తుంది, ఇంకో ఇంట్లో దూరం చేస్తుంది. కుటుంబాలను విడివిడిగా పరిశీలించిన లోస్ కైజర్స్ అనే డచ్చి శాస్త్రవేత్త చెప్పేది ఇదే. పైగా స్వీడన్‌లో పద్నాలుగేళ్ల పిల్లకు వర్తించినది ఇక్కడ తొమ్మిదేళ్ల పిల్లాడికి వర్తించదు. తొమ్మిదేళ్లవాడి ఫోన్ చూడటాన్ని నిఘా అనక్కర్లేదు, అది పెంపకమే. ఫోన్ అసలు వాడిది కాదు, అమ్మది. మన ఇళ్లలో చాలాచోట్ల జరిగేది కూడా అదే, ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్. చిక్కు వచ్చేది పన్నెండు పదమూడేళ్లు దాటాక, ఫోనుకు తాళం పడ్డాక.

ఇక తాళం లోపల ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు అన్నది చూద్దాం. వాట్సాప్ 2016 ఏప్రిల్ నుంచి సందేశాలన్నిటినీ ఈ కొస నుంచి ఆ కొసకు సంకేతలిపిలో పంపుతోంది. దారిలో ఎవరు పట్టుకున్నా, ఆఖరికి ఆ కంపెనీ అయినా, చదవలేరు. ఇది అతికించిన కవరులో ఉత్తరం లాంటిది. కవరు విప్పకుండా చదవాలంటే ఒకటే మార్గం, రాసేవాడి భుజం మీదుగా తొంగిచూడాలి. పిల్లల సందేశాలు చదివిపెడతామనే యాప్‌లు చేసేది అచ్చంగా ఇదే. అవి ఫోన్ తెరనే చదువుతాయి.

అందుకు ఆండ్రాయిడ్‌లో ఒక అనుమతి ఉంది. చూపు లేనివాళ్ల కోసం తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించడానికి, చేతులు సరిగ్గా ఆడనివాళ్ల బదులు బటన్లు నొక్కడానికి పెట్టిన యాక్సెసిబిలిటీ అనుమతి అది. దాన్ని ఇచ్చిన యాప్‌కు తెర మీద కనబడేదంతా కనబడుతుంది. మంచి పనికి పుట్టిన ఈ సదుపాయాన్నే బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే దొంగ యాప్‌లూ వాడుకుంటాయి. కరెంటు బిల్లు కట్టలేదంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్ నొక్కితే అడిగేదీ, పిల్లాడి చాట్ చూపిస్తామనే యాప్ అడిగేదీ ఒకే అనుమతి. పూర్తిస్థాయి గూఢచారి యాప్‌లు ప్లే స్టోర్‌లో ఉండవు. బయటి నుంచి దింపుకోవాలి, ప్లే ప్రొటెక్ట్ అనే రక్షణను ఆపేయమంటాయి. పిల్లల క్షేమం కోసమంటూ పిల్లల ఫోన్‌కున్న కాపలానే తీసెయ్యమనే సలహాను ఎవరూ రెండోసారి ఆలోచించకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

అన్ని యాప్‌లూ ఇలాంటివి కావు. గూగుల్ 2017లో తెచ్చిన ఫ్యామిలీ లింక్, యాపిల్ 2018లో తన ఫోన్లలోనే కలిపిన స్క్రీన్ టైమ్ వేరే జాతి. ఏ యాప్ ఎంతసేపు వాడారు, కొత్త యాప్ దింపుకోవచ్చా, రాత్రి ఎన్ని గంటలకు ఫోన్ మూతపడాలి, ఫోన్ ఎక్కడుంది అన్నంతవరకే వాటి పని. ఎవరితో ఏం మాట్లాడారో ఫ్యామిలీ లింక్ చూపించదు. అది తన ఫోన్‌లో ఉన్నట్టు పిల్లకూ తెలుస్తుంది. నా మటుకు గీత ఇక్కడే గీయాలనిపిస్తుంది. సమయం, చోటు, కొనుగోళ్లు ఒకవైపు. మాటలు మరోవైపు.

ఎందుకో చూడండి. పిల్లల మాటల్ని మూటగట్టి ఏదో దేశంలోని సర్వర్‌లో పెట్టే కంపెనీ ఆ మూటను ఎంత భద్రంగా దాస్తుంది? 2018లో టీన్‌సేఫ్ అనే యాప్‌కు చెందిన సర్వర్ ఒకటి ఏ తాళమూ లేకుండా ఇంటర్నెట్‌లో పడి ఉండగా దొరికింది. అందులో తల్లిదండ్రుల ఈమెయిళ్లు, పిల్లల యాపిల్ ఐడీలు, వాటి పాస్‌వర్డ్‌లు ఏ సంకేతలిపీ లేకుండా మామూలు అక్షరాల్లో ఉన్నాయి. ఆ యాప్ పనిచేయాలంటే రెండంచెల తనిఖీని ముందే ఆపేయాలి కనక, ఆ పాస్‌వర్డ్ ఒక్కటి చాలు, ఎవరైనా ఆ పిల్లల ఖాతాల్లోకి నేరుగా వెళ్లొచ్చు. ఎమ్‌స్పై అనే మరో కంపెనీ సమాచారం 2015లో ఒకసారి, 2018లో మరోసారి బయటపడింది. 2024లో దాని ఖాతాదారులు సహాయం కోరుతూ రాసిన లక్షలాది లేఖలు లీకయ్యాయి. స్పైఫోన్ అనే కంపెనీని 2021లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిఘా వ్యాపారంలోంచే వెళ్లగొట్టి, దొంగతనంగా పోగేసిన సమాచారమంతా చెరిపేయమంది.

ఇవి మచ్చుకు కొన్ని దొంగ సరుకులే అనుకోవడానికీ లేదు. ప్లే స్టోర్‌లో పేరున్న 46 పేరెంటల్ కంట్రోల్ యాప్‌లను యూరప్ పరిశోధకులు విప్పిచూసి 2020లో ప్రకటించిన లెక్కలున్నాయి. వాటిలో నూటికి 72 యాప్‌లు, తమ గోప్యతా పత్రంలో ఒక్క మాటైనా చెప్పకుండా, ప్రకటనల కంపెనీల వంటి మూడో పక్షాలతో సమాచారం పంచుకుంటున్నాయి. 34 శాతం సరైన అనుమతి లేకుండానే వ్యక్తిగత సమాచారం పంపుతున్నాయి. 11 శాతం దాన్ని సంకేతలిపి కూడా లేకుండా పంపుతున్నాయి. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు అందరినీ పిల్లలుగానే లెక్కవేసి, వాళ్ల ప్రవర్తనను వెంబడించడం, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపడం కూడదంటుంది. ఆ చట్టం పట్టుకునేది కంపెనీలను. ఇంట్లో అమ్మ కూతురి ఫోన్ చూడటం దాని పరిధిలోకి రాదు. ఆ హద్దు ఎవరికి వారు గీసుకోవలసిందే.

మాటలన్నీ మనం చదవక్కర్లేదు, కృత్రిమ మేధ చదివి ప్రమాదం ఉంటేనే హెచ్చరిస్తుంది అనే యాప్‌లు ఈమధ్య వచ్చాయి. వినడానికి బాగుంది. చిన్న గుణకారం చేసి చూద్దాం. ఒక అమ్మాయి ఫోన్‌లో నెలకు 9,000 సందేశాలు వచ్చిపోతాయనుకుందాం. క్లాసు గ్రూపు ఒక్కటున్నా ఇది పెద్ద సంఖ్య కాదు. వాటిలో నిజంగా అపాయకరమైనవి 3. యాప్ నూటికి 99 సార్లు సరిగ్గా పోల్చుకుంటుందని ఉదారంగా ఒప్పుకుందాం. ఆ మూడూ దొరుకుతాయి. మిగిలిన 8,997 మామూలు సందేశాల్లో నూటికొకటి చొప్పున మరో 90 కూడా ప్రమాదాలుగా మోగుతాయి. నెలకు 93 సార్లు గంట మోగితే 3 నిజం. రెండో వారానికే తల్లి ఆ గంట వినడం మానేస్తుంది, లేదా రోజూ కూతుర్ని నిలదీస్తుంది. అరుదైన జబ్బుకు ఊరందరికీ పరీక్ష చేసినప్పుడు వచ్చే ఇబ్బందే ఇది. పరీక్ష ఎంత మంచిదైనా జబ్బు అరుదైతే తప్పుడు ఫలితాలే ఎక్కువ కనబడతాయి.

మన పిల్లల భాషలో ఆ 99 శాతం కూడా అనుమానమే. వాళ్లు రాసేది ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు. ఒక్కో పదానికి నాలుగు స్పెల్లింగులు. 'చంపేస్తా నిన్ను' అంటే నోట్స్ తేకపోతే ఊరుకోననడం. 'సచ్చిపోతున్నారా బాబూ' అంటే నవ్వాగట్లేదని అర్థం. ఇంకోపక్క, పిల్లల్ని వలలో వేసుకునే పెద్దమనిషి మాటల్లో తిట్టూ ఉండదు, బూతూ ఉండదు. నీ వయసు వాళ్లకు నీలాంటి తెలివి ఉండదు అంటాడు. మీ ఇంట్లో వాళ్లు నిన్ను అర్థం చేసుకోరు అంటాడు. ఈ సంగతి మన మధ్యనే ఉండనీ అంటాడు. ఏ మాటకా మాట చదివితే తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. మొత్తం వరుస చదివిన మనిషికి మాత్రం ఒళ్లు జలదరిస్తుంది.

మనం దేనికి భయపడతామో, దేనివల్ల దెబ్బ తింటామో రెండూ ఒకటి కాదు. 2017లో బ్లూవేల్ ఆట పేరు చెప్పి దేశమంతా వణికింది. బడుల నుంచి సర్క్యులర్లు వెళ్లాయి, టీవీలు రోజుల తరబడి అదే చూపాయి. ప్రభుత్వం వేసిన కమిటీ ఆ ఆటకు అంటగట్టిన ఆత్మహత్యల కేసులను పరిశీలించి, ఏ ఒక్క దాంట్లోనూ ఆ ఆట ప్రమేయం రుజువు కాలేదని తేల్చింది. 2018 జనవరిలో ఆ మాట పార్లమెంటులో చెప్పారు. ఆ వార్త మాత్రం ఎవరికీ గుర్తులేదు.

పిల్లలు ఫోన్‌లో ఎందుకు తప్పటడుగు వేస్తారన్న దానికి మెదడు శాస్త్రం ఇచ్చే జవాబు తెలివితక్కువ వల్ల అని కాదు. పదిహేనేళ్లవాణ్ణి కూర్చోబెట్టి అడిగితే ఏది ప్రమాదమో మనంత బాగానూ చెబుతాడు. తేడా పక్కన ఎవరున్నారన్న దాంట్లో వస్తుంది. మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో 306 మందితో కంప్యూటర్ మీద కారు నడిపించారు. పసుపు దీపం పడింది, ఎప్పుడు ఎదురుగా గోడ వస్తుందో తెలీదు, ఎంత ముందుకు పోతే అన్ని పాయింట్లు. ఒంటరిగా ఆడినప్పటి కంటే స్నేహితులు చూస్తుండగా ఆడినప్పుడు కుర్రవాళ్లు బాగా దూసుకుపోయారు. ఇరవై నాలుగు దాటినవాళ్లలో పెద్ద తేడా రాలేదు.

ఫోన్ అనేది స్నేహితులు ఎల్లవేళలా చూస్తుండే గది. 2016లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన లాస్ ఏంజెలెస్ ప్రాంగణంలో లారెన్ షెర్మన్ బృందం కుర్రవాళ్లను ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి ఇన్‌స్టాగ్రామ్ తరహాలో ఫొటోలు చూపింది. ఫొటోల కింద లైకుల సంఖ్య పరిశోధకులు వేసిందే. తమ ఫొటోకు ఎక్కువ లైకులున్నట్టు కనబడగానే మెదడులో ప్రతిఫలాన్ని పసిగట్టే భాగం వెలిగింది. సిగరెట్లు, మద్యం ఉన్న ఫొటోలు చూస్తున్నప్పుడు మాత్రం అదుపుకు సంబంధించిన భాగాల్లో చురుకు తగ్గింది. ఆ అదుపు చూసే ముందుభాగం పూర్తిగా తయారయ్యేది ఇరవైల నడుమ. ప్రతిఫలం వెంట పరిగెత్తే భాగం అంతకు చాలా ముందే పరవళ్లు తొక్కుతుంటుంది.

స్టైన్‌బర్గ్ ఆటను పోలిన కారు ఆటనే ఈవా టెల్జర్ అనే శాస్త్రవేత్త ఇంకోలా ఆడించారు. 2015లో ప్రచురించిన ఆ ప్రయోగంలో పక్కన స్నేహితులకు బదులు అమ్మను పెట్టారు. అమ్మ చూస్తోందని తెలిసినప్పుడు పిల్లలు ఎక్కువసార్లు బ్రేకు వేశారు. వింత అదొక్కటే కాదు. బ్రేకు వేసిన క్షణంలో వెలిగింది కూడా ఆ ప్రతిఫలపు భాగమే. జాగ్రత్తగా ఉండటంలోనూ వాళ్లకు ఆనందం దొరికిందన్నమాట. అమ్మ అక్కడ ఉన్నట్టు పిల్లలకు తెలుసన్నది ఇందులో కీలకం. చాటుగా చూసే అమ్మకు ఈ ఫలితం దక్కదు. చూస్తున్నట్టు తెలియని పిల్లాడు బ్రేకెందుకు వేస్తాడు? రహస్య నిఘా పట్టుకోవడానికి పనికొస్తే రావచ్చు, ఆపడానికి పనికిరాదు.

పిల్లలు అసలు ఏ చూపునూ ఒప్పుకోరనీ కాదు. రాచెస్టర్ విశ్వవిద్యాలయంలో జుడిత్ స్మెటానా దశాబ్దాలుగా చేసిన పని చెప్పేదేమిటంటే, ఇంట్లోని సంగతుల్ని కుర్రవాళ్లు మనసులో ఖానాలుగా విడదీసి పెట్టుకుంటారు. ఒకరికి హాని చేసేవి, తనకు అపాయం తెచ్చేవి అమ్మానాన్నలు అడగదగ్గవేనని వాళ్లూ ఒప్పుకుంటారు. స్నేహితురాలితో ఏం మాట్లాడాను, జుట్టు ఎలా దువ్వాను అనేవి నా ఇష్టం అంటారు. పోట్లాటలన్నీ ఒక సంగతి ఏ ఖానాలో వేయాలన్న దాని మీదే. అర్ధరాత్రి ఔటర్ రింగ్ రోడ్డు మీద బైకు నడిపావా అంటే తలదించుకునే కొడుకు, ఆ అమ్మాయి ఎవరు అంటే తలుపు వేసుకుంటాడు.

2018లో వెలువడిన ఓ అమెరికన్ అధ్యయనంలో పమేలా విస్నీవ్‌స్కీ బృందం ఇలాంటి 37 యాప్‌ల గురించి ప్లే స్టోర్‌లో పిల్లలే రాసిన 736 సమీక్షలు చదివింది. నూటికి 79 మంది ఇచ్చింది రెండు నక్షత్రాలో, అంతకంటే తక్కువో. నన్ను దొంగలా చూస్తున్నారు, నాకూ అమ్మకూ మధ్య చిచ్చు పెట్టింది అన్న ధోరణే ఎక్కువ. మెచ్చుకున్న కొద్దిమందీ ఉన్నారు. ఫోన్ పక్కన పెట్టి పడుకోగలుగుతున్నానని, చదువుకోగలుగుతున్నానని రాసినవాళ్లు వాళ్లు. ఇదే బృందం అంతకుముందు ఏడాది 75 యాప్‌లను పరిశీలిస్తే అందులోని సదుపాయాల్లో 89 శాతం తల్లిదండ్రుల పట్టు కోసమే ఉన్నాయి. తనను తాను అదుపు చేసుకోవడం పిల్లకు నేర్పేవి దాదాపు లేవు. కొనేది తల్లిదండ్రులు కదా!

ఆ అదుపు ఒక్కరోజులో రాదన్న సంగతి తెలుగునాట ప్రతి ఆగస్టులోనూ కనిపిస్తుంది. ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీ హాస్టల్లో ఫోన్ ముట్టుకోనివ్వరు. ఆదివారం హాస్టల్ ఫోన్‌లోంచి అమ్మతో కాసేపు మాట. ప్రవేశ పరీక్షలో ర్యాంకు రాగానే కొత్త ఫోన్, అన్‌లిమిటెడ్ డేటా, ఇంజనీరింగ్ కాలేజీలో విడి గది. పదిహేనేళ్లప్పుడు గంటసేపు వాడి, తిట్లు తిని, సర్దుకుని నేర్చుకోవలసింది పద్దెనిమిదేళ్లకు ఒకేసారి నెత్తిన పడుతుంది. నిషేధాన్నే భద్రతగా భావించే ఈ పద్ధతిని నేను అసలు మెచ్చను. లోన్ యాప్‌లూ, బెట్టింగ్ యాప్‌లూ కాచుకుని ఉండేది సరిగ్గా ఈ కుర్రవాళ్ల కోసమే.

ఇక ఆడపిల్లలు. అసర్ సంస్థ 2023లో దేశంలోని గ్రామాల్లో 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను అడిగింది. స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చిన మగపిల్లల్లో దాదాపు 44 శాతానికి సొంత ఫోన్ ఉంటే, ఆడపిల్లల్లో 20 శాతానికే ఉంది. ఫోన్ ఉన్న ఆ కొద్దిమంది మీద చూపూ ఎక్కువే. కొడుకు ఫోన్‌లో ఎంతసేపు ఆడుతున్నాడని అడిగే ఇంట్లోనే కూతుర్ని ఎవరితో మాట్లాడుతున్నావని అడుగుతారు. ఈ రెండో ప్రశ్న భద్రత పేరుతో వచ్చినా చాలాసార్లు దాని కడుపులో ఉన్నది పరువు. ఈ తేడా ఆ పిల్లకు తెలుసు. ఫొటో మార్ఫింగ్ చేసి బెదిరించేవాడికీ తెలుసు. 'మీ నాన్నకు పంపుతా' అన్న బెదిరింపు పనిచేసేది నాన్న ఏం చేస్తాడోనన్న భయం వల్ల. నాన్న ఏమీ అనడని తెలిసిన పిల్ల దగ్గర వాడి ఆట సాగదు.

ఈ బెదిరింపు మగపిల్లల్నీ వదలడం లేదు. డబ్బు కోసం చేసే ఈ తరహా మోసానికి ఎక్కువగా గురవుతున్నది 14 నుంచి 17 ఏళ్ల మగపిల్లలేనని అమెరికా ఎఫ్‌బీఐ పదేపదే హెచ్చరిస్తోంది. తంతు ఒకటే. ఇన్‌స్టాగ్రామ్‌లో అందమైన అమ్మాయి పేరుతో పలకరింపు, కాసేపట్లో వీడియో కాల్, ఇవతలివాడి చిత్రం రికార్డు, ఆ వెంటనే వాడి స్నేహితుల జాబితా చూపిస్తూ డబ్బు డిమాండ్. పలకరింపు నుంచి బెదిరింపు దాకా ఒక్కోసారి గంటలు కూడా పట్టవు. వారానికోసారి నివేదిక పంపే యాప్ ఇక్కడేం చేస్తుంది? ఇచ్చిన కొద్దీ అడుగుతూనే ఉంటారు. పిల్లాడు ఒంటరిగా ఉన్నంతసేపే ఈ వ్యాపారం నడుస్తుంది.

ఆ గంటల్లో పిల్లాడు నోరు విప్పకపోవడానికి చాలా ఇళ్లలో కారణం సిగ్గొక్కటే కాదు. చెబితే ఫోన్ లాక్కుంటారన్న భయం. అందుకే ఇది ఏ సెట్టింగూ పెట్టకముందే, మామూలు రోజున, మాట్లాడుకోవలసిన సంగతి. ఏం జరిగినా, తప్పు నీదే అయినా, చెప్పినందుకు ఫోన్ తీసుకోం అని మాట ఇవ్వాలి. ఇచ్చాక నిలబడాలి. మొదటిసారి మాట తప్పితే రెండోసారి ఆ పిల్లాడు రాడు.

యాపిల్ కంపెనీ ఇంజనీర్లూ ఇదే చిక్కుముడి దగ్గర ఆగారు. పిల్లల ఫోన్‌కు నగ్నచిత్రం వస్తే ఫోనే గుర్తించి మసకబార్చే సదుపాయాన్ని 2021 ఆగస్టులో ప్రకటించారు. పదమూడేళ్లలోపు పిల్ల దాన్ని తెరిస్తే తల్లిదండ్రులకు కబురు వెళ్తుందన్నారు. అభ్యంతరాలు వెల్లువెత్తాయి. పిల్లకు ఇంట్లోనే ప్రమాదం ఉంటే, ఆ కబురే ముప్పవుతుందని చెప్పారు. డిసెంబరులో విడుదలైన రూపంలో ఆ కబురు లేదు. చిత్రం మసకబారుతుంది, ఇది చూడనక్కర్లేదని పిల్లకు చెబుతుంది, నమ్మకమున్న పెద్దవాళ్లకు సందేశం పంపుతావా అని అడుగుతుంది. పంపడం, మానడం పిల్ల ఇష్టం.

బెదిరింపు మొదలయ్యాక చేయవలసిన పని క్లుప్తమే. డబ్బు పంపకూడదు. చాట్‌ను కోపంతో చెరిపేయకూడదు, అదే సాక్ష్యం. స్క్రీన్‌షాట్లు తీసి, ఆ ఖాతా పేరు రాసుకుని, తర్వాత బ్లాక్ చేయాలి. డబ్బు పోయి ఉంటే 1930కి ఎంత త్వరగా ఫోన్ చేస్తే అంత మంచిది, ఖాతాలో నిలిపేసే వీలుంటుంది. పిల్లల సహాయవాణి 1098. అసభ్య చిత్రం ఇంటర్నెట్‌లోకి వెళ్తుందన్న భయముంటే 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. అమెరికాలోని తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల జాతీయ కేంద్రం నడిపే ఈ సేవను ఏ దేశం నుంచైనా వాడుకోవచ్చు. చిత్రాన్ని ఎవరికీ పంపనక్కర్లేదు. మన ఫోనే దాన్నుంచి ఒక డిజిటల్ వేలిముద్ర లెక్కగట్టి, ఆ సంఖ్యను మాత్రమే పంపుతుంది. ఒప్పుకున్న సామాజిక మాధ్యమాలు ఆ సంఖ్యతో సరిపోలే చిత్రాలను వెతికి తొలగిస్తాయి. సంకేతలిపిలో నడిచే వాట్సాప్ సంభాషణల లోపలికి ఇది వెళ్లలేదు. వేలిముద్ర తీయడానికి అసలు చిత్రం కావాలి. అది ఏదో చూపించగలిగేది ఆ పిల్ల ఒక్కతే. కేంద్ర ప్రభుత్వ సైబర్ నేరాల పోర్టల్‌లో మహిళలు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదును పేరు చెప్పకుండా కూడా నమోదు చేయవచ్చు.